తలుపు వైపు కుండీలు

నవంబరు 6

గింజమ్మా,

నువ్వు పంపిన స్వెట్టరు అందింది. రంగు బాగుంది. కొలత మాత్రం మీ అన్నయ్య పాత ఒంటిది. ఇప్పటి మనిషైతే అందులో ఇద్దరు పడతారు. అయినా వేసుకున్నారు, ఉతకడానికి అడిగినా విప్పలేదు.

ఫోనుతో పోయేదానికి ఉత్తరమెందుకని నువ్వు అనుకుంటావు. మన ఇల్లు నీకు తెలియనిది కాదు, వంటింట్లో చెంచా జారితే లోపలి గదిలో వినిపిస్తుంది. గొంతు ఆపరేషన్ అయి ఆయన నోట మాట లేకుండా పోయాక, నేను ఫోను పట్టుకుని గలగలా మాట్లాడుతుంటే ఏదో దొంగపని చేస్తున్నట్టుంటుంది. అందుకే మధ్యాహ్నం ఆయన కునుకు తీసే వేళ వంటింటి గట్టు మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను.

వచ్చే ఆదివారం వస్తానన్నావు కదా, రావద్దు. ఈ మాట నాది కాదు. నువ్వు వస్తున్నావని చెప్పగానే ఆయన చెయ్యి అడ్డంగా ఊపి గోడవైపు తిరిగి పడుకున్నారు. ఎందుకని అడిగితే దుప్పటి తల మీదికి లాక్కున్నారు. పలకా సుద్దముక్కలూ కొనుక్కొచ్చి, "పోనీ రాసి చూపించండి" అన్నాను. పలకను నా వైపే తోసేశారు. ముప్పై ఏళ్లు బస్టాండు మైకు ముందు కూర్చుని ఊరందరికీ దారి చెప్పిన మనిషికి పలక మీద 'మంచినీళ్లు' అని రాయడం నామోషీ. గ్లాసు మీద చెంచాతో కొడతారు. ఒక దెబ్బకి నీళ్లు, రెండు దెబ్బలకి దుప్పటి. మూడు దెబ్బలు కొడితే నేను నోరు మూసుకోవాలి.

డాక్టరు పొద్దుటెండలో కూర్చోమన్నారు. మనకు ఎండ వచ్చేది బాల్కనీలోకే, ఆయన బాల్కనీ గడప తొక్కడం లేదు. గాలి ఇటు తిరిగితే బస్టాండు మైకు అక్కడికి వినిపిస్తుందని నీకు గుర్తుందా? ఆయన డ్యూటీలో ఉన్న రోజుల్లో నేను బట్టలు ఆరేస్తూ వినేదాన్ని. ఇప్పుడక్కడ ఎవరో అమ్మాయి గొంతు రికార్డు చేసి పెట్టారు. అది వినిపించిన మొదటిరోజే ఆయన లేచి వెళ్లి తలుపు వేసేశారు.

చూడ్డానికి నాలుగు పచ్చటి ఆకులుంటే బయటికొస్తారేమోనని నా ఆశ. నీకు విత్తనాలు మొలుస్తాయో లేదో చూసినందుకు జీతమిస్తారు కదా, నాలాంటి దానికి కూడా మొలిచేవి నాలుగు రకాలు పంపు. నా చేతిలో మనీప్లాంటు కూడా బతకలేదని మరిచిపోకు.

చేతివాసి లేని
మీ వదిన

నవంబరు 12

వదినా,

నీ ఉత్తరం చేరింది. ఆదివారానికి తీసుకున్న టికెట్టు రద్దు చేసుకున్నాను.

చలికాలంలో కుండీల్లో తేలికగా వచ్చేవి నాలుగు పొట్లాలు కట్టి పంపుతున్నాను: మెంతి, పాలకూర, కొత్తిమీర, ముల్లంగి. ఉల్లికాడలకు విత్తనం అక్కరలేదు. వంటింట్లో మొలకెత్తి పారేయబోయే ఉల్లిపాయను మెడ బయటికి ఉండేలా మట్టిలో కూర్చోబెడితే చాలు. కొత్త కుండీలు కొనవద్దు. పాత రంగు డబ్బాలు, నూనె డబ్బాలు కడిగి అడుగున చిల్లులు పెట్టు. ఆకుకూరలకు జానెడు లోతు సరిపోతుంది, ముల్లంగికి మరో అరజానెడు కావాలి. మట్టి, ఇసుక, బాగా మాగిన ఎరువు సమపాళ్లలో కలుపు. మెంతులు ముందురోజు నానబెట్టు. ధనియాలను అరచేత్తో నలిపి బద్దలు చేశాకే చల్లు, బద్దకొక మొలక వస్తుంది. ముల్లంగి గింజలు ఎడంగా పెట్టు, దానికి ఇరుకు గిట్టదు.

నీళ్ల విషయం మాత్రం శ్రద్ధగా చదువు. ఈ కాలంలో కుండీ మట్టి త్వరగా ఆరదు. చూపుడువేలు రెండో కణుపు దాకా గుచ్చి చూడు. వేలికి మట్టి అంటితే ఆ రోజుకు నీళ్లు వద్దు. పోసినా ఎండ వచ్చాకే పోయాలి, తెల్లవారకముందు చన్నీళ్లు పడితే వేర్లు ముడుచుకుపోతాయి. దాహంతో చచ్చే మొక్కలకన్నా ప్రేమతో చచ్చే మొక్కలే ఎక్కువ. ఇది నా ఉద్యోగంలో నేర్చుకున్నది.

ఇక్కడ నా గది కిటికీ పరీక్షశాల గోడకు ఎదురుగా ఉంటుంది. పగలంతా తడి కాగితాల మీద పరిచిన గింజలను చూస్తాను. మొలిచినవి ఒక పక్కకు, మొలవనివి ఒక పక్కకు. రెండింటికీ మధ్య కొన్ని ఉంటాయి. అవి బతికే ఉంటాయి కాని మొలవవు. వాటిని చచ్చిన వాటిలో కలపకూడదని మా నియమం. ఈ మధ్య వాటిని చూసినప్పుడల్లా అన్నయ్య గుర్తొస్తున్నాడు.

ఒక్క మాట అడుగుతాను, దాచకుండా చెప్పు. ఆపరేషన్ ముందురోజు అందరూ ఏడుస్తుంటే నేను ఏడవలేదు. డాక్టరు పక్కన నిలబడి, గొంతు ఎంత పోతుంది, ఎంత మిగులుతుంది అని అన్నయ్య ఎదుటే విడమరిచి అడిగాను. అది మనసులో పెట్టుకున్నాడా?

హాస్టలు నుంచి సెలవులకు వచ్చేదాన్ని కదా. నేను బస్సు దిగీ దిగకముందే మైకులో వినపడేది: "ప్రయాణికులకు గమనిక. గింజమ్మ గారు ఎక్కడున్నా విచారణ గది వద్దకు రావలెను." బస్టాండంతా తిరిగి చూసేది. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. డిపో మేనేజరు మందలించినా మానలేదు. ఇప్పుడు ఏ ఊళ్లో బస్సు దిగినా నాకు తెలియకుండానే ఒక నిమిషం ఆగుతాను.

ఉత్తరం కోసం చూస్తూ,
నీ ఆడబిడ్డ

డిసెంబరు 3

గింజమ్మా,

మొలిచాయి. నా చేతితో వేసినవి మొలిచాయి. మెంతి ముందు లేచింది, వెనకే ముల్లంగి. కొత్తిమీర నన్ను బాగా ఏడిపించి చివరికి తల బయటపెట్టింది. పైఅంతస్తు టైలరు బట్టలారేస్తూ వంగి చూసి, "ఏమిటండీ, కూరల కొట్టు పెడుతున్నారా?" అంది. "మొదటి బేరం మీదే" అన్నాను.

ఆయన మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. కుర్చీని తలుపుకు ఎదురుగా వేశాను. దాన్ని తిప్పి గోడకేసి కూర్చున్నారు. మెంతికూర కోసి, మెత్తగా ఉడికించి పెట్టి, "మన బాల్కనీదే" అన్నాను. తిన్నారు. చెంచా మోగలేదు. అదే మెచ్చుకోలు అనుకున్నాను.

నీ ప్రశ్న ఆయన్ని అడగలేకపోయాను. రెండుసార్లు నోటిదాకా వచ్చింది. అవునని తల ఊపితే నీకు ఏమని రాయను?

ఇక కష్టం సంగతి. వారంరోజులుగా కొన్ని కుండీలు పాడవుతున్నాయి. పాలకూర కింది ఆకులు పసుపుపచ్చగా తిరిగాయి. మట్టి తడిగానే ఉంది, మొక్క మాత్రం వాలిపోతోంది. మట్టి మీద పచ్చటి పాచి, చుట్టూ సన్నటి దోమల్లాంటి పురుగులు. ఒక ముల్లంగిని పట్టుకుంటే మెడ దగ్గర మెత్తగా చేతికొచ్చింది. ఏ మందు చల్లాలో రాయి.

నీ వదిన

డిసెంబరు 8

వదినా,

మందు అక్కరలేదు. ఇది తెగులు కాదు. పసుపు ఆకులు, తడి మట్టిలో వాలిన మొక్క, పాచి, పురుగులు, మెడకుళ్లు, ఈ అయిదూ కలిసి కనిపిస్తే కారణం ఒక్కటే ఉంటుంది. నువ్వు నీళ్లు ఎక్కువ పోస్తున్నావు. వేలు గుచ్చి చూడమని రాశాను, చూడడం లేదనుకుంటాను. తొందరపాటు వల్ల మంచి విత్తనం పాడవడం నాకు కష్టంగా ఉంటుంది. ఈరోజు నుంచే తగ్గించు.

అన్నయ్యను అడగలేకపోయానన్నావు. అర్థమైంది. ఇక అడగవద్దు.

నీ ఆడబిడ్డ

డిసెంబరు 14

గింజమ్మకు,

ఆడబిడ్డ అర్ధమొగుడని పెద్దలు ఊరికే అనలేదు. సగం మొగుడు లోపల చెంచాతో కొడతాడు, మిగతా సగం ఉత్తరంలో కొడుతుంది.

నీ వేలి లెక్క తప్పకుండా పాటిస్తున్నాను. రోజూ పొద్దున్నే గుచ్చి గుచ్చి నా గోట్లో మట్టి పోవడం లేదు. పాలబూతు దగ్గర వరుసలో నిలబడితే పక్కావిడ నా చేతులు చూసి దూరం జరుగుతోంది. నాలుగు రోజుల నుంచి ఏ కుండీలోనూ చుక్క పోయలేదు. అయినా ఆ కుండీలు తడిగానే ఉన్నాయి. ఇప్పుడేం చేయమంటావు, నీళ్లు పిండి ఆరేయమంటావా?

తొందరపాటు మనిషినే. చదువుకోలేదు. ఆయన్ని కాస్త ఎండలో కూర్చోబెట్టాలన్న తొందర తప్ప నాకు వేరే తొందర లేదు.

వదిన

డిసెంబరు 19

వదినా,

నీ ఉత్తరం బల్ల మీద ఎదురుగా పెట్టుకుని రాస్తున్నాను. నా మాట కటువుగా ఉంది. అన్నయ్య రావద్దన్న బాధను నీ కుండీల మీద చూపించాను. నువ్వు చుక్క కూడా పోయలేదంటే పోయలేదనే నమ్ముతాను. అయితే మొక్క కూడా అబద్ధం చెప్పదు. మీ ఇద్దరి మాటా నిజమయ్యే దారి ఒకటి ఉండాలి. అది వెతుకుదాం.

నాకు మూడు సంగతులు కావాలి. పాడవుతున్న కుండీలు బాల్కనీలో ఎక్కడున్నాయి, బాగున్నవి ఎక్కడున్నాయి? నీళ్లు పడినచోట మట్టిలో గుంట ఏర్పడిందా? ఏర్పడితే అది కుండీలో ఏ పక్కన ఉంది? ఎండ పొడ తగలకముందే చూడు, ఆరితే గుంట పూడిపోతుంది.

గోళ్లకు కాస్త నూనె రాసుకుంటే మట్టి సులువుగా పోతుంది.

నీ మీద కోపం లేని, నీకు కోపం తెప్పించిన
గింజమ్మ

డిసెంబరు 26

గింజమ్మా,

నూనె పనిచేసింది. కోపం కూడా జారిపోయింది.

నువ్వడిగినట్టే చూశాను. చిత్రంగా ఉంది. కటకటాల వైపు వరుస నవనవలాడుతోంది. పాడయ్యేదంతా తలుపు వైపు వరుసే. గుంటలున్నాయి, అన్నీ తలుపుకు దగ్గరగా ఉన్న అంచునే, వేలితో నొక్కినట్టు. పైఅంతస్తు బట్టల నీళ్లేమో అనుకున్నాను, అవైతే కటకటాల వైపు పడాలి. పనిమనిషిని అడిగాను. "ఊడవడానికే నాకు టైము లేదమ్మా, మీ మొక్కలకు సేవ కూడానా?" అంది. నేను పాలకు దిగేటప్పుడు పైమట్టి ఆరినట్టున్నవి, తిరిగొచ్చేసరికి మళ్లీ తడిసి ఉంటున్నాయి. ఆ గంటలో ఇంట్లో ఉండేది మీ అన్నయ్య ఒక్కరే, ఆయనేమో ఆ తలుపు మొహం చూడరు.

ఈ దొంగ ఎవరో తేల్చాలి. వచ్చే వారం పాలకు వెళ్తున్నట్టు నటించి తలుపు వెనక నక్కుతాను.

నీ వదిన

డిసెంబరు 29

వదినా,

ఈ ఉత్తరం అందగానే చదువు. తలుపు వెనక నక్కవద్దు. పాలకు వెళ్లు.

ఎవరో గడప దాటకుండా, లోపల నిలబడి చెయ్యి చాచి నీళ్లు పోస్తున్నారు. అందుకే చెయ్యి అందిన కుండీలు మునుగుతున్నాయి, అందనివి బాగున్నాయి. గుంటలు తలుపు అంచున ఉన్నది కూడా అందుకే. నువ్వు కిందికి వెళ్లాక, బస్టాండులో మొదటి బస్సు పిలుపు వినిపించకముందు, ఆ తలుపు తెరిచే మనిషి మీ ఇంట్లో ఒక్కడే ఉన్నాడు.

నువ్వు ఇప్పుడు నవ్వుతున్నావో ఏడుస్తున్నావో నాకు తెలియదు. రెండూ గట్టిగా మాత్రం చేయకు.

నీ నోట్లో నువ్వుగింజ నానదని అన్నయ్యే అనేవాడు. ఈ ఒక్క గింజను నాననివ్వు. తెలిసినట్టు కనిపించకు. చచ్చిన మొక్కలు తీసేసి, మట్టి ఆరబెట్టి, ముల్లంగి, పాలకూర మళ్లీ వెయ్యి. గింజలు ఇందులో పెట్టాను. ఇక తలుపు వైపు కుండీలకు నువ్వు నీళ్లు పోయవద్దు. ఆ పని అన్నయ్యకు వదిలెయ్యి. రాత్రే ఒక బిందె నిండా నీళ్లు పట్టి తలుపు దగ్గర లోపల ఉంచు, మరీ చల్లబడవు. మునిగేంత పోయకుండా పక్కన చిన్న గ్లాసు ఒక్కటే పెట్టు.

కుండీలను మూడు నాలుగు రోజులకొకసారి జానెడు చొప్పున తలుపు నుంచి దూరం జరుపు. ఒక్కసారే జరిపితే మానేస్తాడు. జానెడైతే చెయ్యి ఇంకాస్త చాస్తాడు. మొక్కను నీడలోంచి ఎండలోకి మార్చేటప్పుడు మేము చేసేది కూడా ఇదే.

నేను వస్తానని మళ్లీ అడగను. ఆ తలుపు తెరుచుకుంటోందని తెలిసింది, ఈ చలికాలానికి అది చాలు.

గింజమ్మ

జనవరి 13

గింజమ్మా,

నువ్వుగింజ నానింది. ఇంకో నాలుగు రోజులాగితే నా నోట్లోనే మొలకెత్తేలా ఉంది.

మొదటి జానెడు జరిపాను. మర్నాడు అన్నీ తడిగా ఉన్నాయి. రెండో జానెడూ అంతే. మూడో జానెడుకు ఇక అందవులే అనుకుని పాలు తెచ్చి చూద్దును కదా, కుండీలు తడిసి ఉన్నాయి, గడప పొడిగా ఉంది. వంటింట్లోకి వెళ్తే పెద్ద గరిటె తడిగా వేలాడుతోంది. మీ అన్నయ్య తెలివి చూశావా? గరిటెకు నీళ్లు నింపి చాచి పోశారు. నేను ఆ గరిటె తీసి బియ్యం డబ్బాలో దాచాను.

ఈరోజు పొద్దున పాలు పుచ్చుకుని పైకి వచ్చాను. ఆయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. బాల్కనీలోకి తొంగిచూశాను. నేల మీద తడి పాదం గుర్తు. ఒక్కటే, కుడికాలిది. రెండో కాలు ఇంకా లోపలే ఉన్నట్టుంది.

ఎండ వచ్చి అది ఆరిపోయేదాకా అక్కడే నిలబడ్డాను. పనిమనిషి చీపురు పట్టుకుని వస్తే, "ఇవాళ ఇక్కడ వద్దులే" అన్నాను. నాకు మతి పోయిందనుకుంది.

నీ వదిన

జనవరి 18

వదినా,

ఇక జరపవద్దు. కుండీలు ఉన్నచోటే ఉండనివ్వు. బిందెను మాత్రం బాల్కనీలోకి మార్చు. గరిటెను ఇంకొన్నాళ్లు దాచు.

నీ ఉత్తరం పరీక్షశాలలో చదివాను. పక్కబల్ల ఆవిడ, "శుభవార్తా?" అని అడిగింది. "మావాడు కుడికాలు గడప బయటపెట్టాడు" అన్నాను. కొత్తగా నడక నేర్చిన పసివాడి సంగతి అనుకుంది. సరిదిద్దలేదు.

గింజమ్మ

ఫిబ్రవరి 9

గింజమ్మా,

మొన్న పాలబూతు దగ్గర వరుస లేదు, తొందరగా వచ్చేశాను. ఆయన బాల్కనీలో ఉన్నారు. రెండు కాళ్లూ. నీ స్వెట్టరు వేసుకుని, వంగి, చూపుడువేలు ముల్లంగి కుండీలో గుచ్చి చూస్తున్నారు. రెండో కణుపు దాకా. అది ఆయనకు ఎవరు నేర్పారో చెప్పు? నీ ఉత్తరాలు నేను దిండు కింద దాచుకుంటున్నాను, ఇంట్లో మంచం ఒక్కటే.

వెనక్కి తగ్గుదామనుకునేలోపు మొదటి బస్సు పిలుపు వచ్చింది. ఆయన లోపలికి పరుగెత్తుతారనుకున్నాను. అక్కడే నిలబడి పూర్తిగా విన్నారు. ఆ అమ్మాయి గొంతు ఊరిపేరుకీ ప్లాట్‌ఫాం నంబరుకీ మధ్య ఊపిరాడనివ్వకుండా చెప్పుకుపోతుంది. నన్ను చూసి, చెయ్యి గాల్లో మెల్లగా నిలిపి, 'ఇక్కడ ఆగాలి' అన్నట్టు చూపించారు. తర్వాత కుర్చీ లాక్కుని ఎండలో కూర్చున్నారు.

నేను పలక తెచ్చి ఒళ్లో పెట్టాను. తోసెయ్యలేదు. ఇక నావల్ల కాలేదు, అడిగేశాను. "గింజమ్మ మీద కోపమా? ఆ రోజు ఏడవలేదనా?"

ఎంతసేపు రాశారో. సుద్దముక్క రెండుసార్లు విరిగింది. ఆయన రాసింది రాసినట్టు దించుతున్నాను: "ఆ రోజు ఏడవనిది అదొక్కతే. దాన్ని చూసే ధైర్యంగా లోపలికి వెళ్లాను."

"మరి రావద్దన్నారెందుకు?" అన్నాను.

పలక తుడిచి మళ్లీ రాశారు: "బస్సు దిగి నా గొంతు కోసం ఆగుతుంది. ఎంతసేపని ఆగుతుంది?"

నేను వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించకుండానే కాసేపు పొయ్యి ముందు నిలబడ్డాను.

ఈ పొద్దున ఈ కాగితం మడిచి నా చేతికిచ్చారు. 'ఉత్తరంలో పెట్టు' అని సైగ. నేను విప్పి చదివాననుకో, అది వేరే సంగతి.

నువ్వుగింజ ఉమ్మేసిన
నీ వదిన

(ఉత్తరంలో పెట్టిన కాగితం)

ప్రయాణికులకు గమనిక.

విత్తనాల పరీక్షశాల నుండి బయలుదేరు గింజమ్మ గారు వచ్చే నెల మొదటి ఆదివారం ఉదయం మా మూడవ అంతస్తు బాల్కనీకి చేరవలెను. బస్సు దిగిన పిమ్మట మైకు కొరకు ఆగనవసరం లేదు. విచారణ గది ముందు స్వెట్టరు ధరించి ఒక వ్యక్తి నిలబడి ఉండును. తలుపు వైపు రెండవ కుండీలోని ముల్లంగి వారి కొరకు పీకకుండా ఉంచడమైనది.

జరిగిన ఆలస్యానికి చింతిస్తున్నాము.

ఫిబ్రవరి 13

అన్నయ్యా,

నీ ప్రకటన అందింది. అందులో ఒక్క పొరపాటు ఉంది. ముల్లంగిని వచ్చే నెల దాకా కుండీలో ఉంచకూడదు. తయారైన గడ్డను ఆపితే లోపల బెండు పడుతుంది, ఘాటెక్కుతుంది, ఆ తర్వాత ఎవరూ తినలేరు. ఎంత ప్రేమగా ఆపినా దానికి తెలియదు.

కనుక ఈ శనివారం మొదటి బస్సుకు వస్తున్నాను. అప్పటిదాకా నీళ్లు పోయకు, వేలు గుచ్చి చూడు.

గింజమ్మ